బౌలింగ్ అమ్మమ్మ నోట్‌బుక్కు

మా అమ్మాయి ఒకటో క్లాసులో ఉన్నప్పుడు కుటుంబం బొమ్మ గీసుకు రమ్మన్నారు. అందులో ఇద్దరు అమ్మమ్మల్ని గీసింది. ఒకరు తెనాలి అమ్మమ్మ, ఆకుపచ్చ చీరలో. ఇంకొకరు బౌలింగ్ అమ్మమ్మ. తెల్ల జుట్టు, ఎర్ర చొక్కా, చంకలో ఒక పొడుగాటి నోట్‌బుక్కు. బౌలింగ్ అమ్మమ్మ అని పేరు పెట్టి, చేతికి బంతి మాత్రం ఇవ్వలేదు. దాని కళ్ళకి ఆ నోట్‌బుక్కే కనపడింది. నాకూ అంతే. ఆవిడని తలుచుకుంటే ముందు ఆ నోట్‌బుక్కే గుర్తొస్తుంది.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. తన పేరు నలుగురిలో కనపడటం ఆవిడకి ఇష్టముండేది కాదు.

మేం 1998 నవంబరులో అమెరికాలోని మిల్వాకీ వచ్చాం. కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీల చిక్కు సరిచేసే వై టూ కే పనులు జోరుగా ఉన్న రోజులు. మా వారు ఉదయం ఏడింటికి వెళ్తే రాత్రి ఎనిమిదికి వచ్చేవారు. నాకు వీసా ప్రకారం ఉద్యోగం చేసే వీల్లేదు, కారు నడపడం రాదు. ఊరికి దక్షిణాన, పాత పోలిష్ వాళ్ళ పేటలో ఒక రెండంతస్తుల ఇల్లు. పై వాటాలో మేం, కింద వాటాలో ఇంటి ఓనరు. ఆ ఓనరే ఈవిడ. అప్పటికి అరవై ఏడేళ్ళు, భర్త పోయి చాలా కాలమైంది. వంటింటి కిటికీలోంచి చూస్తే దూరంగా అలెన్-బ్రాడ్లీ ఫ్యాక్టరీ గడియారం కనపడేది. నాలుగు వైపులా నాలుగు ముఖాలున్న పెద్ద గడియారం, రాత్రిపూట వెలుగుతూ ఉంటుంది. అక్కడివాళ్ళు దాన్ని పోలిష్ మూన్ అంటారు. ఆ చలికాలమంతా మా వారు వచ్చే వేళ కోసం నేను ఆ చందమామనే చూస్తూ కూర్చున్నాను.

జనవరిలో ఒక మంగళవారం సాయంత్రం ఆవిడ తలుపు కొట్టింది. బయట మోకాలి లోతు మంచు.

"మా టీమ్‌లో ఒకమ్మాయికి జ్వరం. ముగ్గురమే ఉన్నాం. వస్తావా?"

"ఎక్కడికి?"

"బౌలింగ్‌కి."

బౌలింగ్ అనగానే నాకు తెలిసింది క్రికెట్ బౌలింగే. ఈ మంచులో క్రికెట్ ఏమిటని బిత్తరపోయి చూశాను. ఆవిడ నా మొహం చూసి, ఇంకేం వివరించకుండా, "నిలబడి ఒక బంతిని వదలగలవా? అది చాలు. నీ కోటు తీసుకో" అంది.

ఆ రోజు ఎక్కిన ఆవిడ బ్యూక్ కారు వాసన నాకిప్పటికీ గుర్తే. పెప్పర్‌మింట్ బిళ్ళలూ, తడిసిన ఉన్నీ, వెనక సీట్లో బంతుల సంచీ. దార్లో కారు జారుతుంటే నేను సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ మాత్రం ఆ వారం ఏ టీమ్ ఏ టీమ్‌తో ఆడుతుందో చెబుతూనే ఉంది.

బౌలింగ్ హాలు లోపల ఇరవై నాలుగు లేన్లు, అంటే బంతి దొర్లించే పొడుగాటి దారులు. సిగరెట్ పొగ, వేపుడు బంగాళాదుంపలు, లేన్‌కి రాసే నూనె, అన్నీ కలిసిన వాసన. ఒకేసారి పది చోట్ల పిన్నులు కూలుతున్న చప్పుడు. కౌంటర్ దగ్గర నా చెప్పుల సైజు అడిగి ఎవరెవరో వేసుకున్న బూట్లు ఇచ్చారు. వాటి అడుగు నున్నగా ఉంటుంది, ఆఖరి అడుగులో కాలు జారాలి కాబట్టి. ఆవిడ పది పౌండ్ల బంతి ఎంచి నా చేతిలో పెట్టింది. మధ్య వేలు, ఉంగరం వేలు, బొటనవేలు ఎలా దూర్చాలో చూపించింది. కాలు దాటకూడని గీత ఒకటుంటుంది, ఫౌల్ లైన్ అంటారు. అక్కణ్ణుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. అక్కడ పది పిన్నులు ముక్కోణంగా నిలబడి ఉన్నాయి, ఒక్కోటి 15 అంగుళాల ఎత్తు, కిలోన్నర పై బరువు. నేను వదిలిన మొదటి బంతి సగం దూరం కూడా వెళ్ళకుండా పక్క కాలవలో పడింది. రెండోదీ అంతే.

"పిన్నుల్ని చూడకు," అంది. "అవి చాలా దూరం. లేన్ మీద ఆ బాణం గుర్తులు ఏడు కనపడుతున్నాయా? కుడి నుంచి రెండో దాని మీదుగా బంతి వెళ్ళాలి, అంతే. దగ్గరున్నది సరిగ్గా చూస్తే దూరంగా ఉన్నదాని సంగతి బంతి చూసుకుంటుంది."

మూడో సారికో నాలుగో సారికో రెండు పిన్నులు పడ్డాయి. చిన్నప్పుడు తెనాలిలో మా వీధి చివర ఏడు పెంకులాట ఆడేవాళ్ళం. పెంకుల దొంతర కూలినప్పుడు గుండెల్లో ఒక జల్లుమనే సంతోషం ఉండేది చూడండి, సరిగ్గా అదే. ఆ దేశం వచ్చాక ఎగిరి గంతేయడం అదే మొదలు.

మొదటి ఆటలో నా స్కోరు 47, తర్వాత 61, ఆ తర్వాత 58. ఆవిడ నోట్‌బుక్కు తెరిచి ఆ మూడు అంకెల్నీ గుండ్రటి చేతిరాతతో ఎంతో శ్రద్ధగా ఎక్కించింది. నాకు సిగ్గేసి, ఇంత చిన్న అంకెలు రాయాలా అన్నాను. "ఇవి రాయకపోతే వచ్చే నెల నువ్వెంత ముందుకొచ్చావో నాకెలా తెలుస్తుంది?" అంది. వచ్చే నెల కూడా నేనుంటానని ఆవిడ అప్పుడే లెక్కేసుకుంది.

అక్కడ నాకు మా అమ్మ గుర్తొచ్చింది. తెనాలిలో మా అమ్మ వీధిలోని ఆడవాళ్ళతో చీటీలు నడిపేది. ఇరవై మంది, ఇరవై నెలలు. ఆమె దగ్గరా ఇలాంటి పొడుగాటి పుస్తకమే, ఎర్ర అట్ట. ఎవరు కట్టారు, ఎవరు పాడారు, ఎవరికెంత వచ్చింది, అన్నీ అందులో ఉండేవి. కానీ అమ్మ ఆ పుస్తకాన్ని డబ్బు కోసమే చూసేది కాదు. ఒకావిడ పేరు పక్కన గడి ఖాళీగా ఉంటే సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళొచ్చేది. "కట్టలేకపోతే చెప్పొచ్చుగా, రాకపోవడమేంటి, ఏదో అయ్యుంటుంది" అనేది. నిజంగానే ఏదో ఒకటి అయ్యుండేది.

వారం వారం ఒకే రోజు కలిసి ఆడే టీములన్నిటినీ కలిపి లీగ్ అంటారు. మా లీగ్‌కి ఆవిడే సెక్రటరీ. ఆ పని అంటే కూడా అచ్చంగా ఇదే. బయటివాళ్ళకి అది లెక్కలు రాసే పని. ప్రతి వారం ఒక్కో టీమ్ తమ కవరులో డబ్బులు వేసి ఇస్తుంది. అప్పట్లో మనిషికి పది డాలర్లు. అందులో లేన్ల అద్దె ఎంత, సీజన్ చివర ఇచ్చే బహుమతుల నిధి ఎంత అని విడగొట్టాలి. ప్రతి మనిషి మూడు ఆటల స్కోర్లు ఎక్కించాలి, సగటు తీయాలి, హ్యాండిక్యాప్ కట్టాలి, ఏ టీమ్ ఎన్ని పాయింట్లతో ఎక్కడుందో కాగితం తయారుచేసి వచ్చే వారానికల్లా అందరికీ పంచాలి. జాతీయ సంఘానికి సభ్యత్వ రుసుములు పంపాలి, ఎవరైనా మంచి స్కోరు కొడితే వాళ్ళకి రావలసిన ప్యాచో, చొక్కాకి పెట్టుకునే పిన్నో తెప్పించాలి. ఆవిడ 1961లో ఈ పని ఎత్తుకుంది. నేను చూసేసరికే ముప్పై ఏడేళ్ళుగా చేస్తోంది. అంతా చేత్తోనే. బుధవారం పొద్దున్న కాఫీ పెట్టుకుని వంటింటి టేబుల్ దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. ఆ తర్వాత ఫోను తీసేది. ముందు రోజు రాని వాళ్ళందరికీ ఫోను.

హ్యాండిక్యాప్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నన్ను ఆ ఆటలో కట్టిపడేసింది అదే. మా లీగ్‌లో 200కీ మన సగటుకీ ఉన్న తేడాలో తొంభై శాతం హ్యాండిక్యాప్‌గా మన స్కోరుకి కలిపేవాళ్ళు. నా సగటు 55. తేడా 145. అందులో తొంభై శాతం అంటే 130. మా టీమ్‌లో అందరికన్నా బాగా ఆడే ఆమె సగటు 172, ఆమెకి కలిసేది 25. అంటే ఆమె ఎప్పటిలాగే 172 వేస్తే లెక్కలో 197. నేను నా సగటు కన్నా కొంచెం మెరుగుపడి 70 వేస్తే 200. ఆ వారం టీమ్‌ని గెలిపించింది నేనే అవుతాను. ఇది ఆవిడ నాకు కాగితం మీద వేసి చూపించినప్పుడు మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. నేను బీఎస్సీ మ్యాథ్స్ చదివాను, లెక్క అర్థం కావడానికి అరనిమిషం పట్టలేదు. కానీ ఇంత పెద్ద దేశంలో, ఏమీ రాని నాకు కూడా ఒక చోట విలువ ఉండేలా ఎవరో ఎప్పుడో కూర్చుని లెక్క కట్టారని తలుచుకుంటే కళ్ళు చెమ్మగిల్లాయి.

పెద్దావిడని పేరు పెట్టి పిలవడం నాకు చేతకాలేదు. ఆంటీ అన్నాను. దానర్థం అడిగి తెలుసుకుని, "బాగుంది, అలాగే పిలువు" అంది. కొన్నాళ్ళకి టీమ్‌లో మిగతా ఇద్దరూ కూడా ఆంటీ అనడం మొదలుపెట్టారు.

మూడో వారమో నాలుగో వారమో నేను వెనక్కి తగ్గాను. అక్కడ చీకటి రంగు మనిషిని నేనొక్కదాన్నే. ఎవరూ ఏమీ అనలేదు, కానీ కొత్త టీమ్ పక్క లేన్‌లోకి వచ్చినప్పుడల్లా నాకు టెన్షన్‌గా ఉండేది. ఇంక రానండీ అని చెప్పాను. ఆవిడ ఎందుకని అడగలేదు. కాసేపు ఆగి, తన చిన్నప్పటి సంగతి చెప్పింది. అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ అనే మగవాళ్ళ జాతీయ సంఘం నియమావళిలో తెల్లవాళ్ళు మాత్రమే సభ్యులు కావచ్చని రాసి ఉండేదట, 1950 దాకా. నల్లజాతి వాళ్ళు 1939లో డెట్రాయిట్‌లో తమ సంఘం తాము పెట్టుకోవలసి వచ్చింది. "ఆ నియమం ఉన్న రోజుల్లో నేను ఆడాను. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు, అలా రాసి ఉందని కూడా తెలియదు. తెలుసుకోకపోవడం నా తప్పు కాదంటావేమో. నేనలా అనుకోను. అందుకే నా లీగ్‌కి ఎవరు కొత్తగా వచ్చినా వాళ్ళ పేరు నేనే ముందు రాస్తాను" అంది. నా పేరు స్పెల్లింగ్ మూడుసార్లు అడిగి, తప్పు లేకుండా రాసుకున్న మనిషి ఆవిడే. తర్వాత ఇంక నేను మానేస్తానని ఎప్పుడూ అనలేదు.

ఆవిడ ఈ ఆటలోకి వచ్చిందే పిన్నులు నిలబెట్టే పనితో. యుద్ధం రోజుల్లో మగపిల్లలు దొరక్క, వాళ్ళ చర్చి నేలమాళిగలో ఉన్న లేన్లలో పదమూడేళ్ళకే ఆ పనికి కుదిరింది. అప్పటికి యంత్రాలు లేవు, 1950లలో గానీ రాలేదు. లేన్ చివర గుంట పైన ఒక పలక మీద కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. బంతి వచ్చి పిన్నులు చెల్లాచెదురు కాగానే కిందికి దూకి, బంతిని పట్టాల మీద వెనక్కి దొర్లించి, పడ్డవి ఏరి మళ్ళీ నిలబెట్టి, తర్వాతి బంతి వచ్చేలోగా పలక ఎక్కేయాలి. ఆటకి కొన్ని సెంట్లు. కొందరు ఆట అయిపోయాక చిల్లర నాణాలు లేన్ మీద దొర్లించేవాళ్ళట. ఆవిడ ఎడమ పిక్క మీద ఒక మచ్చ ఉండేది, ఎగిరొచ్చిన పిన్ను తగిలి. "ఆటని నేను వెనక వైపు నుంచి నేర్చుకున్నాను" అనేది. ఏ బంతికి ఏ పిన్ను ఎందుకు నిలబడిపోతుందో ఆవిడకి అంత బాగా తెలియడానికి అదే కారణం.

ఫ్యాక్టరీలో చేరాక షిఫ్టు వాళ్ళ లీగ్‌లో ఆడింది. మిల్వాకీ చుట్టుపక్కల అప్పట్లో ప్రతి పెద్ద ఫ్యాక్టరీకీ లీగులు, రెండో షిఫ్టు దిగి అర్ధరాత్రి దాటాక ఆడే లీగులు కూడా. జర్మన్ వాళ్ళు, పోలిష్ వాళ్ళు తమతో తెచ్చుకున్న అలవాటు ఆ ఊళ్ళో అలా వేళ్ళూనుకుంది. అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ ఆఫీసు దశాబ్దాల పాటు మిల్వాకీలోనూ, తర్వాత పక్కనే ఉన్న గ్రీన్‌డేల్‌లోనూ ఉండేది. ఆడవాళ్ళ సంఘం వేరు. 1916లో సెయింట్ లూయిస్‌లో నలభై మంది ఆడవాళ్ళు కలిసి మొదలుపెట్టిన సంఘం అది, తమ టోర్నమెంట్లు తామే పెట్టుకున్నారు, తమ లెక్కలు తామే రాసుకున్నారు. 1970ల చివర్లో దాని సభ్యులు నలభై లక్షలు దాటారు. ఆ సంఘం గురించి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారేది. "మగవాళ్ళు మమ్మల్ని రానివ్వలేదు. మేం మాదే కట్టుకున్నాం" అనేది.

నోట్‌బుక్కు లోపలి అట్టకి పేపర్లోంచి కత్తిరించిన ఒక ఫోటో అతికించి ఉండేది. మేరియన్ లాడ్‌విగ్‌ది. మిషిగన్ సరస్సుకి అవతలి ఒడ్డున ఉన్న రాష్ట్రంలో గ్రాండ్ రాపిడ్స్ ఊరామె. తొమ్మిదిసార్లు ఆ ఏటి ఉత్తమ మహిళా బౌలర్‌గా ఎన్నికైన మనిషి. నోట్‌బుక్కు అయిపోయినప్పుడల్లా ఆ ఫోటోని జాగ్రత్తగా ఊడదీసి కొత్త దాంట్లో అతికించేది. నేను చూసినప్పటికే అది నాలుగు మూలలా చిరిగి ఉంది.

తన సొంత ఆట గురించి ఆవిడ ఎక్కువ చెప్పేది కాదు. మేమే అడిగి రాబట్టుకున్నాం. ఆవిడ అత్యధిక స్కోరు 279. ఆట తెలిసినవాళ్ళకి ఆ అంకె వింటేనే గుండె కలుక్కుమంటుంది. పన్నెండు బంతులకీ పదేసి పిన్నులు పడితే 300. మొదటి అయిదు ఫ్రేముల్లో, అంటే వంతుల్లో, అయిదు స్ట్రైకులు కొట్టింది, ఒక్క బంతికే పది పిన్నులూ పడటం అన్నమాట. ఆరో దాంట్లో కుడివైపు మూల పదో పిన్ను ఒక్కటి ఊగి, ఊగి, నిలబడిపోయింది. రెండో బంతితో దాన్ని పడగొట్టింది. ఆ తర్వాత మళ్ళీ ఆఖరి దాకా అన్నీ స్ట్రైకులే. ఒక్క పిన్నుకి ఇరవై ఒక్క పాయింట్లు పోయాయి. ఇంతకన్నా దగ్గరికి మళ్ళీ ఎప్పుడూ రాలేదు. "బాధేయలేదా ఆంటీ?" అని అడిగితే, "ఆ రాత్రి ఏడ్చాను. మర్నాడు పొద్దున్న అందరి స్కోర్లూ ఎక్కించాలి కదా, కూర్చుని ఎక్కించాను" అంది. ఆ ఏటి నోట్‌బుక్కు తీసి చూశాను ఒకసారి. అందరి అంకెల మధ్య 279 కూడా అదే సైజులో, అదే పెన్నుతో ఉంది. కింద గీత కూడా గీసుకోలేదు.

శనివారం పొద్దున్న పిల్లల లీగ్. అది కూడా ఆవిడదే. మా అమ్మాయి నాలుగేళ్ళకే అక్కడికి వెళ్ళేది. చిన్నపిల్లలకి బంతి కాలవలో పడకుండా రెండు పక్కలా అడ్డుకట్టలు లేపుతారు. ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒక కార్డు, దాని మీద వాళ్ళ సగటు. తిట్టడం, అరవడం ఎప్పుడూ వినలేదు. తల్లిదండ్రులెవరైనా వెనక నుంచి కేకలు పెడితే మాత్రం వెళ్ళి నెమ్మదిగా వాళ్ళ పక్కన కూర్చునేది. అంతే, వాళ్ళు సర్దుకునేవాళ్ళు. పిల్లల టోర్నమెంట్లలో గెలిచినవాళ్ళకి అప్పట్లో డబ్బు చేతికిచ్చేవాళ్ళు కాదు, కాలేజీ చదువు కోసం వాళ్ళ పేర జమ చేసేవాళ్ళు. ఆ కాగితాలు నింపడం చాలామంది తల్లిదండ్రులకి తెలియదు, పట్టించుకోరు. ఆవిడ ఒక్కో పిల్లాడి కాగితం తనే నింపి, వాళ్ళు పద్దెనిమిదేళ్ళ వాళ్ళయ్యేదాకా దాచిపెట్టి, కాలేజీలో చేరే ఏడాది ఫోను చేసి గుర్తుచేసేది.

చక్రాల కుర్చీలో వచ్చే ఒక బాబు ఉండేవాడు. వాడి చేతుల్లో బంతి ఎత్తే బలం లేదు. వాడి కోసం ఇనుప గొట్టాలతో చేసిన వాలు బల్ల ఒకటి తెప్పించింది. బంతిని దాని పైన పెడితే, వాడు ఆ బల్లని తనకి కావలసిన వైపు తిప్పమని చెప్పి, వేలితో బంతిని కొంచెం తోస్తే చాలు, అది జారి లేన్ మీదికి వెళ్తుంది. ఆవిడ ఆ బల్ల వెనక నిలబడేది. ఎటు తిప్పాలో వాడే చెప్పాలి, తను సొంతంగా ఒక్క అంగుళం కూడా జరిపేది కాదు. వాడు తప్పు చెబుతున్నాడని తెలిసినా సరే. "వాడి ఆట వాడిదే" అనేది. వాడు తొలిసారి వంద దాటిన రోజు వాళ్ళమ్మ గోడవైపు తిరిగి నిలబడిపోయింది. ఆంటీ మాత్రం కార్డు మీద 103 రాసి, వాడి ఒళ్ళో పెట్టి, "వచ్చే వారం మీ నాన్నని కూడా తీసుకురా" అంది.

నా పుట్టినరోజుకి ఒకసారి నన్ను లింకన్ అవెన్యూలో ఉన్న హాలర్ హౌస్‌కి తీసుకెళ్ళింది. 1908లో తెరిచిన బారు. కింద సెల్లార్‌లో రెండే రెండు లేన్లు. అధికారిక గుర్తింపు ఉన్న లేన్లలో దేశంలో అన్నిటికన్నా పాతవి అవే. అప్పటికీ అక్కడ పిన్నులు మనుషులే నిలబెట్టేవాళ్ళు. ఆ రోజుల్లో దాన్ని మార్సీ స్కోవ్రాన్‌స్కీ అనే పెద్దావిడ నడిపేది, ఆ ఊళ్ళో ఆమెని ఎరగని వాళ్ళు లేరు. ఆంటీ ఆ రోజు ఆడలేదు. లేన్ చివర పిన్నులు నిలబెడుతున్న కుర్రాడినే చూస్తూ కూర్చుంది. నేను ఒక స్ట్రైక్ కొట్టినప్పుడు కూడా వాడు దూకి లేచే తీరే చూస్తోంది. వచ్చేటప్పుడు వాడికి ఇరవై డాలర్లు ఇచ్చింది.

2001లో మేం అప్పు చేసి కంప్యూటర్ కొన్నాం. లీగ్ లెక్కలన్నీ ఎక్సెల్‌లో పెట్టిస్తానని నేనే అన్నాను. ఆవిడ ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది, నోట్‌బుక్కు ఆపకూడదని. రెండూ నడిచాయి. బుధవారం పొద్దున్న కింద వాటాలో ఆవిడ చేత్తో రాస్తుంటే, పక్కన నేను టైపు చేసేదాన్ని. ఇద్దరికీ లెక్క సరిపోవాలి. చాలాసార్లు తప్పు నాదే అయ్యేది, టైపింగ్‌లో అంకె జారి. ఆ రెండు గంటల్లోనే నేను ఇంగ్లీషు భయం లేకుండా మాట్లాడటం నేర్చుకున్నాను. కారు నేర్పించింది కూడా ఆవిడే, ఆ బ్యూక్ మీదే. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు ఉన్నప్పుడు కింద వాటాలో ఆ ఇద్దరూ ఒక్క ముక్క భాష కలవకుండా గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. అమ్మ తన చీటీల సంగతి చేతులతో చెప్పేది, నేను మధ్యలో తర్జుమా చేసేదాన్ని. ఆంటీ చాలా ఆసక్తిగా విని, "డబ్బు తీసుకుని తర్వాత రాకుండా పోతే ఏం చేస్తారు?" అని అడిగింది. అమ్మ చెప్పిన జవాబు: "వాళ్ళింటికి వెళ్తాం. డబ్బు కోసం కాదు, చూడ్డానికి." నేను తర్జుమా చేసేసరికి ఆంటీ లేచి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

తర్వాత తర్వాత అన్నీ సన్నగిల్లుతూ వచ్చాయి. వెస్ట్ ఆలిస్‌లో ట్రాక్టర్లు చేసే ఆలిస్-చామర్స్ లాంటి పెద్ద ఫ్యాక్టరీలు మేం రాకముందే మూతపడ్డాయి. షిఫ్టులు పోతే షిఫ్టు లీగులు పోయాయి. జనం బౌలింగ్‌కి రావడం మానలేదు, పుట్టినరోజులకి వస్తారు, సరదాగా ఒక రాత్రి వస్తారు. ముప్పై వారాల పాటు ఒకే రోజున, ఒకే వేళకి రావడానికి మాత్రం ఎవరికీ కుదరడం లేదు. మా లీగ్‌లో ఇరవై టీములు పద్నాలుగయ్యాయి, తర్వాత తొమ్మిది. 2005లో ఆడవాళ్ళ సంఘం, మగవాళ్ళ సంఘం, పిల్లల సంఘం అన్నీ కలిపి యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ చేశారు. కలవడం మంచిదేనని ఆవిడే అంది. కానీ తొంభై ఏళ్ళకి దగ్గరగా వచ్చిన ఆడవాళ్ళ సంఘం పేరు కాగితాల మీద లేకుండా పోయిన ఏడాది పాత సభ్యత్వ కార్డులన్నీ ఒక డబ్బాలో సర్ది, మూత మీద 1916 అని రాసిపెట్టుకుంది. 2008లో గ్రీన్‌డేల్ ఆఫీసు కూడా టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌కి వెళ్ళిపోయింది. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉండేది. ఏ సందేహం వచ్చినా పోస్టు చేయకుండా తనే కారేసుకుని వెళ్ళి అడిగొచ్చేది. ఆ వార్త పేపర్లో చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు ఇప్పటికీ ఆ ఆఫీసు అక్కడే ఉండాల్సిందనిపిస్తుంది.

2009లో చేతులు వణకడం మొదలై, సెక్రటరీ పని నాకిచ్చింది. నలభై ఎనిమిదేళ్ళు చేసిన పని. సీజన్ చివరి విందులో జ్ఞాపికలూ ప్రసంగాలూ వద్దని ముందే చెప్పేసింది. ఆ రోజు నేను పులిహోర పట్టుకెళ్ళాను, పదేళ్ళుగా అది మా విందులో మామూలే. అందరి ముందూ నా చేతికి నోట్‌బుక్కు ఇచ్చింది. లోపలి అట్ట మీద మేరియన్ లాడ్‌విగ్ ఫోటో అప్పటికే కొత్తగా అతికించి ఉంది. "రాని వాళ్ళకి ఫోను చెయ్యి. బుధవారమే చెయ్యి, గురువారం దాకా ఆగకు" అని చెప్పింది. అదొక్కటే చెప్పింది.

ఆట మాత్రం మానలేదు. 82 ఏళ్ళకి ఎనిమిది పౌండ్ల బంతితో, రెండడుగులే వేసి, 118 సగటుతో ఆడుతోంది. 2014 జనవరిలో ఆ ఊరు చాలా ఏళ్ళుగా చూడనంత చలి పడింది. బళ్ళు మూసేశారు. ఆ నెలలోనే ఒక రాత్రి నిద్రలో పోయింది. పొద్దున్నే కింద వాటాలో కాఫీ వాసన రాకపోయేసరికి నాకు తెలిసిపోయింది. అప్పటికి మేం సొంతిల్లు కొనుక్కోగలం, కానీ ఆ పై వాటా వదల్లేదు.

అంత్యక్రియలకి వచ్చినవాళ్ళలో సగం మందిని నేను శనివారం లీగ్ పిల్లలుగానే ఎరుగుదును. గడ్డాలు వచ్చాయి, పిల్లల్ని ఎత్తుకుని ఉన్నారు. చక్రాల కుర్చీ బాబు మిషిగన్ నుంచి వచ్చాడు.

ఆ తర్వాతి మంగళవారం లీగ్‌లో ఒక ప్రశ్న వచ్చింది. మనిషి రాని రోజు వాళ్ళ సగటులోంచి పది తీసేసి ఆ స్కోరు టీమ్‌కి వేస్తాం. మనిషే లేకపోతే ఆ స్థానం ఖాళీ కింద లెక్క, దానికి వేరే అంకె. మా టీమ్ కెప్టెన్ లేచి, సీజన్ అయ్యేదాకా ఆంటీ పేరు కాగితం మీదే ఉంచుదామంది. రాలేదని రాద్దాం, లేదని వద్దు అంది. తొమ్మిది టీములూ చేతులెత్తాయి. ఏప్రిల్ దాకా ప్రతి మంగళవారం ఆవిడ పేరు పక్కన 108, 108, 108 అని రాశాను.

రాని మనిషి కూడా ఆ వారం డబ్బు కట్టాలి, అది నియమం. మా టీమ్ కవరులో ముగ్గురివే ఉంటాయనుకుని మొదటి వారం నా పర్సులోంచి ఆవిడ వంతు తీసి పట్టుకుని వెళ్ళాను. కవరు తెరిచేసరికి నలుగురివీ ఉన్నాయి. తర్వాతి వారం కూడా ఉన్నాయి. ఆ తర్వాత ఒక వారం పక్క టీమ్ కవరులో ఎక్కువున్నాయి, దాని మీద చిన్న కాగితం ముక్క, ఆవిడ పేరుతో. ఏప్రిల్ వరకూ ఒక్క వారం కూడా తక్కువ కాలేదు. నోట్‌బుక్కులో కట్టినట్టు రాశాను. ఎవరు కట్టారో మాత్రం రాయలేదు.